మేం తినని బియ్యం

ఇది రాయకపోతే ఏదో మునిగిపోతుందని కాదు. లోకంలో వ్యాపారం పెరిగేకొద్దీ లేచే పొగ గురించి సూర్యాపేట గ్రంథాలయంలో దొరికినంతవరకూ చదివాను. ఆ పుస్తకాల్లో ఎక్కడా మిర్యాలగూడలో మా అక్క బట్టలారేసే దండెం కనిపించలేదు. అందుకని రాస్తున్నాను.

నేను బడిలో పదో తరగతి దాకానే చదివాను. మిగతాదంతా ఆదివారాలు ఆ గ్రంథాలయం బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం. రెండువేల పన్నెండు ప్రాంతంలో రోజూ సూర్యాపేట నుంచి బస్సులో మిర్యాలగూడ వెళ్లి, ఒక రైస్ మిల్లులో లారీల లోడింగ్ చూసేవాణ్ణి. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ బియ్యం మా వైపు ఎవరూ తినరు. పెళ్లిలో వండి పెడితే వియ్యాలవారు విస్తరి ముందు నుంచి లేచిపోతారు. అవి కాకినాడ రేవులో ఓడెక్కి ఆఫ్రికా పోయేవి. వాటిని ఉడికించడానికి కాల్చిన ఊక బూడిద మాత్రం మిల్లు వెనక ఇళ్ల మీద, దండేల మీది బట్టల మీద నల్లగా రాలేది. అక్కావాళ్లుండేది ఆ వరసలోనే. బావ మా మిల్లులోనే బాయిలర్‌కు ఊక వేసేవాడు.

వాళ్ల పాపకు దగ్గు పట్టుకుంటే వదిలేది కాదు. పిల్లను ఈ దుమ్ముకు దూరంగా ఉంచమని దవాఖానలో చెప్పారు.

ఆ రోజుల్లోనే ఒక పుస్తకంలో ఒక సంగతి చదివి పొంగిపోయాను. సరుకు తయారు చేసిన దేశం పేరనే పొగను లెక్క కడతారట, వాడుకున్న దేశం పేరన కాదట. మధ్యాహ్నం అక్క ఇంట్లో అన్నం తింటూ వివరించాను.

“అంటే ఈ పొగ మనది కాదే అక్కా. తినేటోళ్ల లెక్కల రాయాలె.”

“గట్ల రాస్తే బూడిద గాడ పడతదా తమ్ముడా?” అంది అక్క, కూరగిన్నె మీద మూత పెడుతూ.

బావ నవ్వాడు. “నీ పుస్తకం జర ఇటియ్యి, బాయిలర్ల ఏస్త. ఊక తడిసి మండుతలేదు.” మళ్లీ తనే అడిగాడు: “ఇంతకు తినేటోళ్లెవలు? దొరలా?”

నాకు తెలియదు. తర్వాతి ఆదివారం వెతికాను. వాళ్లలో చాలామంది మాలాగే ఏ రోజు కూలితో ఆ రోజు బియ్యం కొనుక్కునేవాళ్లు. నా కోపానికి చోటు లేకుండా పోయింది. మిగులు ఓడల వ్యాపారికి, మిల్లుకు పోయేది, ఒక పిసరు నాకూ వచ్చేది. ఎగుమతి పెరిగాక జీతం పెంచారు. దాంతోనే సూర్యాపేటలో గాలి ఆడే ఇంట్లోకి మారాం.

పాపను మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. బావ వినలేదు. “ఆడపిల్లను ఒకరింట్ల ఎట్ల పెడ్తం?” అన్నాడు. అప్పుడు పక్కింటామె గోడ అవతలి నుంచి అరిచింది: “ఒకరిల్లేంది అన్నా, మేనమామ ఇల్లే గదా! పంపియ్యి. మీకు పోనీకి ఇంకో ఊరన్న ఉంది.”

ఆమెకూ అదే ఈడు కూతురు ఉంది. అదే దగ్గు.

పాప మా ఇంటికి వచ్చింది. వానాకాలం వచ్చేసరికి దగ్గు తగ్గింది, నిద్ర పట్టింది. నేను మాత్రం రోజూ అదే మిల్లుకు వెళ్లి అవే లారీలు నింపించాను. మధ్యాహ్నం అక్క ఇంట్లో కూర్చుంటే గోడ అవతలి దగ్గు వినిపించేది. పక్కింటామె నన్నేమీ అడగలేదు. మా ఇంట్లో ఇంకో చాపకు చోటుంది. ఆ మాట నేనూ అనలేదు.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవాలి. కానీ బావ ఇంకా ఆ మిల్లులోనే ఉన్నాడు, అందుకని పేర్లు రాయను. అడిగిన పుస్తకమల్లా వెతికిపెట్టిన గ్రంథాలయం అయ్యగారికి, పాపను కడుపున పుట్టినదానిలా చూసుకున్న నా భార్యకు, నా మాటలకు నవ్వినా పిల్లను పంపిన బావకు, అక్కకు నా కృతజ్ఞతలు. బావను ఒప్పించిన ఆ పక్కింటామెకు కూడా. ఆమెకు ఇది ఎదురుగా చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చెబితే తన కూతురి సంగతి ఎత్తుతుందేమోనని చెప్పలేదు.