సంతకని పేనిన పలుపు

వానలు లేని ఏడాది అది. పుంగనూరు దగ్గర మా ఊళ్లో, బోరు కింద పండిన కాస్త వరిగడ్డి తప్ప పశువుకు వేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒట్టి గడ్డి తిని మా చూడి ఆవు డొక్కలు లోపలికి పోయాయి.

ఒకరోజు మా ఆయన కొత్త పలుపు పేనుతూ కనబడ్డాడు. మా వైపు ఆవును అమ్మితే దాని పాత పలుపు ఇవ్వరు, లక్ష్మి వెళ్లిపోతుందని.

"మదనపల్లె సంతకా?" అన్నాను.

"ఈడుండి ఎండిపోయేదానికన్నా మేలు కదా."

ఆ వారమే పశువుల డాక్టరు వచ్చి, యూరియా నీళ్లు గడ్డి మీద వరసవరసగా చల్లి, తొక్కి, గాలి దూరకుండా కప్పి మాగబెట్టమన్నాడు.

"పైరుకేసేది పశువుకా? సంపమంటావా అప్పా?"

"ఉత్తగా తింటే సస్తాదమ్మా. గడ్డిలో మాగితే బలం. నేను చెప్పిన కొలత మాత్రం దాటొద్దు."

కొలత డాక్టరు చేతే వేయించాను. కప్పడానికి ప్లాస్టిక్ పట్ట కొనమన్నాడు. గడ్డికి పట్ట కొనే ఇల్లు కాదు మాది. పాత ఎరువు సంచులు విప్పి కుట్టి కప్పాను. నేలలో తవ్విన రాగుల పాతర మూతకు మెత్తినట్టే, కుట్లకూ అంచులకూ పేడా ఎర్రమట్టీ మెత్తాను. ఎండకు బీట పడితే మళ్లీ మెత్తేదాన్ని.

"గడ్డివామికి ముగ్గు కూడా ఎయ్యి" అని మా ఆయన ఎకసెక్కం.

మూడు వారాలకు విప్పితే ఘాటుకు కళ్లలో నీళ్లు. ఒక మోపు ముందు వేశాం. ఆవు ముక్కు చిట్లించి మొహం తిప్పుకుంది. మా ఆయన పలుపు అందుకున్నాడు.

"ఆగు. పాతర తెరిసిన గడియకే లోపలికి దిగుతామా?" అన్నాను.

"దిగితే ఆ మాగిన గాలికి ప్రాణం పోతాది."

"మరి దీనికీ గాలాడనీ."

గడ్డిని నీడన పలచగా పరిచాను. సాయంత్రానికి ఘాటు పోయింది. పసుపు తిరిగిన గడ్డి చేతికి మెత్తగా తగిలింది. మామూలు గడ్డిలో గుప్పెడు కలిపి వేశాను. ఆవు వాసన చూసింది, ఒక పరక లాగింది, తర్వాత తల ఎత్తలేదు.

"తింటాండాదే!" అన్నాడు మా ఆయన.

"కండ్లుండాయి, కనపడతాండాది. పోయి నీళ్లు తే."

రోజూ కొంచెం పెంచుతూ ఎండాకాలం గట్టెక్కించాం. తొలి వానకు ఆవు ఈనింది, పెయ్యదూడ. పేనిన పలుపు ఊరికే పారేస్తామా? కురచగా కోసి దూడ మెడకు కట్టాను.