కొంగు జారని గిటారు

మా ప్రార్థన మందిరంలో కుర్చీలు లేవు. గోడవారగా ముసలివాళ్ళ కోసం వేసిన బెంచీ ఒకటి తప్ప అందరికీ చాపలే. ఎడమవైపు ఆడవాళ్ళం, కుడివైపు మగవాళ్ళు. ఆడవాళ్ళం తల మీద కొంగు కప్పుకుంటాం. గిటారు గురించి చెప్పబోతూ చాపల గురించి, కొంగుల గురించి ఎందుకంటే, గిటార్లు చేసేవాళ్ళు ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళ మనసులో ఉన్న మనిషి కుర్చీలో కూర్చుంటాడు, లేదంటే మెడకు పట్టీ తగిలించుకుని నిలబడతాడు.

మా అక్క గిటారు పెద్దది. ఆ ఆకారాన్ని డ్రెడ్‌నాట్ అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వెడల్పాటి భుజాలు, ఉందో లేదో తెలియని నడుము, లోతైన పొట్ట. అక్క పొడగరి. చాప మీద కూర్చున్నా ఆమె చెయ్యి ఆ పొట్ట మీదుగా హాయిగా తీగల మీదికి దిగేది, తల మీద కొంగు కదిలేది కాదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే దారిలోనే కూర్చుండిపోయేదాన్నట. బాపు జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు, అవ్వకు చదువు రాదు. అందుకని అక్కే నాకు బడి అయింది. అ ఆలు పాటల పుస్తకంలోనే నేర్పింది. ఇప్పటికీ ఏది చదివినా లోపల ఏదో ఒక రాగం నడుస్తూనే ఉంటుంది. అక్కకు ఉట్నూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో టీచరు ఉద్యోగం వచ్చాక శనివారం సాయంత్రం ఆదిలాబాద్ వచ్చేది. ఆదివారం మందిరంలో వాయించి, సోమవారం తెల్లవారి జీపెక్కి పోయేది. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అవ్వ, బాపు పోయాక ఇంట్లో నేనూ, నా శనివారాలూ మిగిలాం. అది తక్కువ భాగ్యం కాదు. దేవుడు నాకు అన్ని శనివారాలు ఇచ్చాడు.

అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక గిటారు నేను తీసుకున్నాను. శనివారాల్లో అక్క నేర్పినందుకు పాటలన్నీ వాయించడం వచ్చు, చెయ్యి మాత్రం చాలదు. ఆ పెద్ద పొట్ట అంచు నా చంకలోకి వచ్చేది. భుజం పైకెత్తి వాయించాలి. ఎత్తగానే కొంగు జారేది. వెనక కూర్చునే మరాఠీ వదిన పాట మధ్యలోనే దాన్ని లాగి మళ్ళీ నా తల మీద వేసేది.

"తాయీ, నీ కొంగుకు నన్ను కాపలా పెట్టిండ్రా ఏంది? నేను చప్పట్లు ఎప్పుడు కొట్టాలె?" అనేది. తాయీ అంటే వాళ్ళ భాషలో అక్క.

పిన్ను పెట్టుకుంటే కొంగు నిలిచింది గానీ చెయ్యి నిలవలేదు. అంచు ఒత్తుకుని మోచేతి నుంచి వేళ్ళ దాకా తిమ్మిరి ఎక్కేది. ఒక ఆదివారం పాట సగంలో వేళ్ళు తీగలు దొరకక ఆగిపోయాయి. ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు మెల్లగా చెప్పారు.

"చెల్లెమ్మా, గింత పరేషాన్ ఎందుకు? కోత పండుగ తర్వాత కీబోర్డు తెప్పిద్దామని పెద్దలంటుండ్రు. తాళం, సప్పుడు అన్నీ దాంట్లనే ఉంటయి. నువ్వు నిమ్మలంగ కూసొని పాడు."

ఆయన మంచికే అన్నారు. కానీ సోమవారం నుంచి శనివారం దాకా నా తలుపు ఎవరూ తట్టరు. ఆదివారం ఒక్కరోజే "గియ్యాల ఏం పాట?" అని నన్ను అడుగుతారు. గిటారు పోతే ఆ ప్రశ్న కూడా పోతుంది. చేతికి సరిపోయే చిన్న గిటారు దొరికితే చాలు ప్రభువా అని ప్రార్థించి, అక్క గిటారును మారకంలో ఇచ్చేద్దామనుకుని కరీంనగర్ బయలుదేరాను. మా ఊళ్ళో అన్నీ పెద్దవే ఉన్నాయి.

బస్సులో గిటారు సంచీని పక్క సీట్లో నిలబెట్టి చెయ్యి వేసి పట్టుకున్నాను. నిర్మల్‌లో జనం ఎక్కారు. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, సంచీ వైపు చూశాడు.

"నీకైతే ఫ్రీ టికెటే అవ్వా. మరి గీ పక్కన కూసున్నామెకు ఆధారున్నదా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. సంచీని ఒళ్ళోకి తీసుకున్నాను గానీ, గోదావరి దాటే దాకా ఆ సీటు వైపు చూడలేకపోయాను. కరీంనగర్‌కు ఎప్పుడు వెళ్ళినా కిటికీ పక్కన నేను, ఇటు పక్కన అక్క.

దుకాణాయన తెల్లగడ్డం మనిషి. నా బాధ విని, గోడకు వేలాడుతున్న వాటిని ఒక్కొక్కటి దించి చూపించాడు.

"గిది జంబో. పెండ్లిల బగార వండే గంజు లెక్క. సప్పుడు గొప్పగొస్తది, నీకైతే వద్దు. నువ్వు తెచ్చింది డ్రెడ్‌నాట్, దాని కింది సైజు. గీ నడుం సన్నగున్నది కాన్సర్ట్. గిదేమో పార్లర్, అన్నిట్ల చిన్నది. ముంత అనుకో. కూసో అమ్మా, కుర్చీల కూసొని చూడు."

నేను చెప్పులు విడిచి కింద కూర్చున్నాను. పవిటకు పెట్టుకున్న పిన్ను తీసేసి, తల మీద కొంగు వేసుకున్నాను.

"అరె, కిందెందుకమ్మా? దుమ్మున్నది."

"మా మందిరంల చాప మీదనే కూసుంటం బాబాయ్. పాట అయ్యేదాక కొంగు జారకుండ ఉండాలె. గట్ల ఉన్నదే తీసుకుంట."

"నలబై యేండ్ల సంది దుకాణం నడుపుతున్న. గిటార్‌ను కొంగుతోటి కొలిచేటోళ్ళను ఇయ్యాలే చూస్తున్న," అని, ఆయనా ఎదురుగా కింద కూర్చున్నాడు.

కాన్సర్ట్ నడుము నా తొడ మీద చక్కగా ఇమిడింది. శబ్దం కూడా సమంగా ఉంది, కింది స్వరాలు పై స్వరాలను మింగేయలేదు. చివరి చరణం వచ్చేసరికి మాత్రం భుజం లేచింది, కొంగు చెవి దాకా వచ్చింది. పార్లర్ అందుకున్నాను. పసిపిల్ల ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది. మోచెయ్యి అంచు దాటి తనంతట తానే వేలాడింది. పాట ముగిసింది, కొంగు కదల్లేదు. కానీ దాని గొంతు చిన్నది. అక్క గిటారులో ఉన్న బావిలాంటి లోతు లేదు. పక్కింటి వంటగదిలో ఎవరో పాడుతున్నట్టుంది.

"సప్పుడు తక్కువ వస్తదమ్మా, మల్ల నన్ను అనొద్దు," అన్నాడాయన.

అరచేత్తో తీగలు మూసి ఆగాను. ఆగినా ఏదో సన్నగా మోగుతూనే ఉంది. చూస్తే, సంచీలోంచి తీసి పక్కన పడుకోబెట్టిన అక్క గిటారు. దాన్ని ఎవరూ ముట్టలేదు.

"గది మామూలే. ఒక్క శ్రుతిల ఉంటే దీని సప్పుడుకు అది ఊగుతది. శ్రుతి తప్పితే పలుకది," అంటూ ఆయన మారకం మాట ఎత్తబోయాడు.

"దీన్ని ఇయ్యను బాబాయ్," అన్నాను. చేతిలో ఉన్న డబ్బుల్లోనే చిన్నది కొనగలిగాను, దేవునికి స్తోత్రం. తిరుగు బస్సులో చిన్నది ఒళ్ళో, పెద్దది మోకాళ్ళ మధ్య.

కోత పండుగ రోజు మందిరం పంటలతో నిండిపోయింది. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. మా వైపు పత్తిదే పంట కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది పత్తి మూటలే. కుర్రవాళ్ళు వాటిని ప్రతి ఏడూ పేర్చే చోటే పేర్చారు, అంటే నా చాప చుట్టూ. అక్క పెద్ద గిటారు మోగినన్నాళ్ళూ అది ఎవరికీ అడ్డు అనిపించలేదు.

మొదటి పాట ఎత్తుకున్నాను. కొంగు నిలిచింది, చెయ్యి నిలిచింది, శబ్దం మాత్రం నా ముందున్న పత్తిలోకి పోయి మళ్ళీ రాలేదు. మగవాళ్ళు ఒక తాళంలో, ఆడవాళ్ళు ఒక తాళంలో పాడుతున్నారు. ఉన్న ఒక్క మైకు ప్రసంగానిది. గిటారు దగ్గరికి తెస్తే కూత పెడుతుంది. పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం నాకు కనబడింది. తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాను. ఇదే ఆఖరిదైతే పూర్తిగానైనా వాయించాలనుకున్నాను.

"ఆపుండ్రి జర!" అంది వెనక నుంచి మరాఠీ వదిన. ఆరాధన మధ్యలో అలా ఎవరూ అరవరు. "తాయి వాయిస్తుంది, ఒక్కరికన్న ఇనవడుతుందా? గీ పత్తి అంత మింగుతుంది. తియ్యుండ్రి. ఏ పెద్దవ్వా, నువ్వు జర ముంగటికి జరుగు."

"నేనేడికి జరగాలె పిల్లా, కోడి మీద కూసోవాల్నా?" అంది పెద్దవ్వ.

అందరూ నవ్వారు. అయ్యగారూ నవ్వి, ఒక మూట తానే ఎత్తి తలుపు దగ్గర పెట్టారు. ఆడవాళ్ళు చాపలు లాక్కుంటూ నా మోకాళ్ళ దాకా వచ్చేశారు. నడుమ వదిలే దారి కూడా మూసుకుపోయి, మగవాళ్ళు ఇటు జరిగారు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి గిటారు వినడానికి వాళ్ళే గొంతులు తగ్గించారు. అంతమంది అంత మెల్లగా పాడటం నేనెప్పుడూ వినలేదు. అంత దగ్గరగా మనుషులు నా చుట్టూ కూర్చోవడం కూడా.

పోయేటప్పుడు అయ్యగారు కీబోర్డు మాట ఎత్తలేదు. "వచ్చే వారం ఏం పాట చెల్లెమ్మా?" అని అడిగారు.

తర్వాత ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. నా తలుపు మళ్ళీ ఆదివారం దాకా ఎవరూ తట్టరు. అందుకు నాకు కోపం లేదు, అందరికీ పత్తి ఏరే రోజులు.

ఇప్పుడు శనివారం సాయంత్రం అక్క గిటారును మంచం మీద పెట్టి, తీగలు బిగించి శ్రుతి చేస్తాను. ఎండకో చలికో వారంలో కొంచెం తప్పే ఉంటుంది. తర్వాత చిన్నదాన్ని ఒళ్ళోకి తీసుకుని మర్నాటి పాట వాయించుకుంటాను. చరణం చివర ఆగి, అరచేత్తో దాని తీగలు మూస్తాను. మంచం మీద పెద్దది కాసేపు మోగుతుంది. అది పూర్తిగా ఆగేదాకా ఉండి, స్తోత్రం చెప్పుకుని, రెండో చరణం ఎత్తుకుంటాను.