భయపడడం నేర్పిన ఎస్తేరు మేడమ్

గత మంగళవారం ఉదయం మా ల్యాబు తలుపు తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. పాలకొల్లు నుంచి ఎస్తేరు మేడమ్ గారి తమ్ముడు. "పద్మా, ఎక్కడున్నావమ్మా? ఒకసారి కూర్చో" అన్నారాయన. కూర్చోమన్న మాటతోనే నాకు సంగతి తెలిసిపోయింది. తెల్లవారుజామున, నిద్రలోనే గుండె ఆగి, మా గురువుగారు ఎస్తేరు రాజ్యమ్మ గారు కన్నుమూశారు.

ఆ క్షణంలో నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం. ఇకమీదట నా లెక్క దారి తప్పితే చెప్పేవారెవరన్న భయం. దుఃఖం మధ్యాహ్నానికి గాని రాలేదు. వచ్చాక ఇప్పటివరకూ వదలలేదు. ఆమెను ఎరిగినవారికి నా మాట వింతగా తోచదు. ఎరుగనివారి కోసమే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మేడమ్ గారి తండ్రి లూథరన్ చర్చి బడిలో ఉపాధ్యాయులు. ఆమె రాజమండ్రిలో ఒక ఆడపిల్లల కళాశాలలో ముప్పయ్యేళ్ళకు పైగా జంతుశాస్త్రం బోధించారు. జీవశాస్త్ర పరిశోధనకు కావలసిన గణాంకాల పేపరు ఒకటి మాకు ఉండేది. దాన్ని ఏ అధ్యాపకులూ ముట్టుకునేవారు కారు. లెక్కలంటే భయం కాబట్టే కదా మేమంతా బైపీసీలో చేరింది. ఆ పేపరును ఆమె తల్లిలేని బిడ్డను తెచ్చుకున్నట్టు తెచ్చుకుని పెంచారు.

మొదటి రోజు క్లాసులో ఒకే ప్రశ్న అడిగారు. రెండు చెరువుల చేపల బరువులు మీ చేతిలో ఉన్నాయి, ఏ టెస్టు చేస్తారని. మేమందరం ఒక్క గొంతుతో టి-టెస్ట్ అన్నాం, మాకు తెలిసిన పేరు అదొక్కటే. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఏం తెలుసుకోవాలని తూచారు? అవే చేపలను రెండుసార్లు తూచారా, వేర్వేరు చేపలనా? బరువులు తూచారా, బతికినవీ చచ్చినవీ లెక్కపెట్టారా? ఇలా అడుగుతూనే పోయారు. చివర ఆమె అన్న మాట మాకు నానుడి అయిపోయింది. "టెస్టంటే చొక్కా కాదమ్మా, ఒంటికి సరిపోయేదాకా మార్చి మార్చి తొడుక్కోడానికి. ప్రశ్న అడిగినప్పుడే టెస్టు ఏదో తేలిపోవాలి."

లెక్క ఆఖరి వరుసకు వచ్చేసరికి ఆమె వేళ్ళు సన్నగా వణికేవి. ఓ క్షణం కళ్ళు మూసుకునేవారు. ఏం ప్రార్థిస్తున్నారని మాలో ఒకమ్మాయి చనువుగా అడిగితే, నేను కోరుకున్న జవాబు రాకపోయినా ఓర్చుకునే బుద్ధి ఇమ్మని అడుగుతున్నానన్నారు. ఆ వణుకు వెనక ఒక కథ ఉందని మాకు చాలాకాలానికి తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక ఆకుపసరు కలిపిన మేత వల్ల చేపలు బాగా ఎదుగుతాయని తేల్చారట. నాలుగు టెస్టులు కాదన్నాయి, అయిదోది ఔనంది. ఆ అయిదోదాన్నే లోకానికి చెప్పారు. సొంత బాబాయి నమ్మి చెరువంతా ఆ మేతే వేశాడు. చేపలు చచ్చి తేలాయి. ఆయన చెరువు ఎండగట్టి, మళ్ళీ ఆ గట్టు ఎక్కలేదు. ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనమే ఆమెను జీవితాంతం భయపెట్టింది. లేనిదాన్ని ఉందని చెప్పడం కన్నా ఘోరం మరొకటి లేదని ఆమె దృఢంగా నమ్మారు, మా చేత నమ్మించారు.

ఆ శిక్షణ ఎంత కఠినమో నా ప్రాజెక్టు నాడు చవిచూశాను. కడియంలో ఒక నర్సరీ యజమాని వేరుకుళ్ళు మందు పనిచేస్తుందో లేదో చూసిపెట్టమన్నాడు. కాలువ పక్క మడిలో వంద గులాబీ అంట్లకు మందు వేశాను, రోడ్డు పక్క మడిలో వందకు వేయలేదు. మందు వేసినవి కళకళలాడాయి. టెస్టు చేస్తే తేడా కొట్టొచ్చినట్టు వచ్చింది. నేను గంతులేస్తూ వెళ్ళాను. ఆమె కాగితం చూసి మెల్లగా అన్నారు. "నీవి రెండొందల మొక్కలు కాదు పద్మా. రెండు మళ్ళు. బాగుపడింది మందువల్లో, కాలువ తడివల్లో నీ లెక్కకేం తెలుసు?" బస్సు ఎక్కేదాకా ఆపుకుని, ఎక్కాక ఏడ్చాను. మళ్ళీ పన్నెండు మళ్ళు తీసుకుని, ఏ మడికి మందో చీట్లు వేసి, మొత్తం తిరిగి చేశాను. తేడా మాయమైంది. ఆనాటి నుంచి లెక్కపెట్టవలసింది మొక్కనా, మడినా అని చూడకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు.

ఇంతవరకూ చెప్పినది ఆమె శిష్యులందరూ చెప్పగలిగినదే. ఇక చెప్పబోయేది నాకూ ఆమెకూ, సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లెకూ మాత్రమే తెలిసినది. ఆమె బతికుండగా రాయడానికి ధైర్యం చాలలేదు.

చదువయ్యాక ఒక ప్రైవేటు నీటి పరీక్షల ల్యాబులో చేరాను. మేడమ్ అప్పటికి పదవీ విరమణ చేశారు. ఆ పల్లెలో అందరూ చేపల వేటకు వెళ్ళే కుటుంబాలే. వెనకవైపు కొత్తగా రొయ్యల చెరువులు లేచాయి. వాటి మురుగు కాలువ ఊరి మంచినీటి నూతి పక్కనుంచే పోతుంది. నీళ్ళ రుచి మారిందని, కోళ్ళు చస్తున్నాయని సత్తియ్య అనే పెద్దాయన నలుగురిని వెంటబెట్టుకుని మా ల్యాబుకు వచ్చాడు. మామూలు రసాయన పరీక్షల్లో అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. చెరువుల్లో ఏ మందులు వాడుతున్నారో ఎవరూ చెప్పరు, పేరు తెలియనిదాన్ని వెతకడం ఎలా? అందుకని చేపపిల్లలను పెట్టి చూద్దామన్నాను. మూడు టబ్బుల్లో నూతి నీళ్ళు, మూడింట్లో శుభ్రమైన నీళ్ళు. ఒక్కొక్కదాంట్లో పదేసి పిల్లలు, నాలుగు రోజులు.

నూతి నీళ్ళలో కొన్ని ఎక్కువే చచ్చాయి. కానీ నేను మేడమ్ గారి శిష్యురాలిని. చేపలను లెక్కపెట్టలేదు, టబ్బులను లెక్కపెట్టాను. కొద్దిపాటి అంకెలకు తగినదని, విలువలకు బదులు వాటి వరుసక్రమాన్ని చూసే టెస్టు ఎంచుకున్నాను. ఫలితం ఒక్కసారే చూశాను. గణనీయమైన తేడా కనబడలేదని రాశాను. మా ల్యాబు యజమాని పైన పెట్టిన ఉత్తరంలో 'తేడా లేదు' అని కుదించాడు. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న అగాధం నా కళ్ళకు కనబడింది, అయినా నోరు మెదపలేదు.

రిపోర్టు అందుకుంటూ సత్తియ్య అడిగాడు. "మా కోడలు నీళ్ళోసుకుందమ్మా. అయితే ఆ నీళ్ళు తాగొచ్చాండీ?"

"రిపోర్టులో అలానే ఉందండి" అన్నాను.

మూడు వారాల తరవాత ఒక ఆదివారం, మేడమ్ చర్చి నుంచి వచ్చే వేళకు, ఆ రిపోర్టు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. సొంతంగా చేసిన మొదటి పని, మెచ్చుకుంటారని ఆశ. ఆమె టబ్బుల సంగతి చదివి తల ఊపారు. ఆ తరవాత పెన్సిలు తీసుకుని ఏదో గీయడం మొదలుపెట్టారు. ఆరు టబ్బులను మూడేసిగా విడదీసే పద్ధతులన్నీ ఒకదాని కింద ఒకటి రాశారు. ఇరవై వచ్చాయి. అటు కొసన ఒకటి, ఇటు కొసన ఒకటి గుండ్రంగా చుట్టారు. చెయ్యి వణకడం ఆగిపోయింది. ఆమె చెయ్యి అంత నిశ్చలంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు.

"తేడా అనేదే లేకపోయినా, ఈ కొసల్లో ఒకటి కాకతాళీయంగా వచ్చే అవకాశం ఇరవైలో రెండు" అన్నారు. "నువ్వు పెట్టుకున్న గీత ఇరవైలో ఒకటి, అంత అరుదైతేనే తేడా అంటావు. నూతి నీళ్ళలో చేపలన్నీ చచ్చి తేలినా, ఇవతల ఒక్కటీ చావకపోయినా, నీ టెస్టు తేడా ఉందని చెప్పదు పద్మా. చెప్పలేదు. మూడు టబ్బులతో అది ఎప్పటికీ చెప్పలేదు."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నా పరీక్ష మొదలుకాకముందే దాని జవాబు తేలిపోయింది. ఆ జవాబును నేను ఒక గర్భిణికి ఇచ్చాను. ఇరవై రోజులుగా ఆమె ఆ నీళ్ళు తాగుతోంది.

మేడమ్ నన్ను తిడతారనుకున్నాను. పెన్సిలు కింద పెట్టి, "నేను నేర్పిందంతా నేర్చుకున్నావు. నేనే సగం నేర్పాను. లేనిదాన్ని ఉందనొద్దని పదే పదే చెప్పాను. ఉన్నదాన్ని చూడకుండా పోవచ్చని ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు" అన్నారు. అన్నం తినలేదు. చెప్పులు వేసుకుని పదమన్నారు. రెండు బస్సులు మారి, ఆఖరున ఆటోలో, మధ్యాహ్నానికి ఆ పల్లెకు చేరాం. దారి పొడుగునా ఆమె నా మణికట్టు పట్టుకునే ఉన్నారు. ధైర్యం చెప్పడానికి కాదు, ఆమెకూ భయంగానే ఉంది.

సత్తియ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మేడమ్ ఆ వల పక్కనే నేల మీద కూర్చున్నారు. "బాబూ, మేం వెతికాం, దొరకలేదు. అంతేగాని లేదని కాదు. మేం వేసిన వల కన్ను మరీ పెద్దది. చిన్న చేప ఉన్నా పడదు. ఆ నీళ్ళు తాగొద్దు" అన్నారు. ఆయన వల కింద పెట్టాడు. ఇన్నాళ్ళూ తాగిన నీళ్ళ సంగతేంటండి అని నెమ్మదిగా అడిగాడు. గడప దగ్గర కోడలు నూకరత్నం నిలబడి వింటోంది. ఏదైనా ఊరట మాట చెబుతారేమోనని నేను మేడమ్ ముఖం వైపు చూశాను. "తెలీదు బాబూ" అన్నారామె.

మర్నాడు ఆమె మా యజమాని గదిలో కూర్చున్నారు. "మేం అబద్ధం రాయలేదు కదా మేడమ్" అన్నాడాయన. "నిజమేనండి, ఒక్క అబద్ధం కూడా లేదు. అందుకే నాకు భయం" అన్నారామె. పరీక్ష మళ్ళీ చేయడానికి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో నాకు నేటికీ తెలియదు. ఆమె లేచి వెళ్ళరని అర్థమైందేమో. ఈసారి ఎనిమిదేసి టబ్బులు. నీళ్ళు పోయకముందే ప్రశ్న ఏమిటో, టెస్టు ఏదో, ఎంత తేడా ఉంటే ప్రమాదమో, దాన్ని పట్టుకోవడానికి ఈ టబ్బులు చాలుతాయో లేదో, ఏ ఫలితం వస్తే ఊరివాళ్ళకు ఏ మాట చెప్పాలో కాగితం మీద రాయించి, యజమాని చేతా నా చేతా సంతకం పెట్టించారు. ఆ నాలుగు రోజులూ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ టబ్బుల పక్కనే ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఒక్కో చేప వెల్లకిలా తిరిగినప్పుడల్లా నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఆమె మాత్రం సమయం రాసుకుంటూ పోయారు.

తేడా వచ్చింది. ఏ సందేహానికీ తావులేనంత తేడా. నిజం దొరికిందన్న సంతోషం మా ఇద్దరిలో ఎవరికీ కలగలేదు. కొత్త రిపోర్టు వెళ్ళిన వారానికి పంచాయతీ వాళ్ళు నూతి మీద పలకలు పరిచి, నీళ్ళ ట్యాంకరు పంపడం మొదలుపెట్టారు.

నూకరత్నం ప్రసవించేదాకా నేను సరిగా అన్నం తినలేదు. ఆడపిల్ల పుట్టింది, చక్కగా ఉంది. ఆ కబురు ఫోనులో చెబుతూ, ఏమీ కాలేదు మేడమ్, గండం గడిచిందన్నాను. దేవుడికి స్తోత్రం అన్నారు. తరవాత, "ఒక్క బిడ్డను చూసి ఆ నీళ్ళేం చెయ్యలేదని రాసుకోకమ్మా. ఆ పల్లెలో ఇంకా ఎంతమంది తాగారో" అన్నారు. ఆమెలో నాకు అత్యంత కఠినంగా తోచిన గుణం అదే, ఈనాడు లోటుగా తోస్తున్నదీ అదే. మనసు చల్లబడే చోట కూడా ఆమె నిజాన్ని ఒక్క అంగుళం జరగనిచ్చేవారు కారు. ఆ ఏడాది నుంచి మరణించేవరకూ, ఎవరు పిలిచి పాఠం చెప్పమన్నా ఆమె రెండు భయాలనూ సమానంగా చెప్పారు. రెండోదాన్ని చెప్పేటప్పుడు నా పేరు ఎన్నడూ ఎత్తలేదు. ఆ తప్పు తన శిష్యురాలిది కాదని, తనదేనని చెప్పేవారట.

పాలకొల్లు శ్మశానవాటికలో పాస్టరు గారి ప్రార్థన ముగిశాక తమ్ముడు గారు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ముందుకు వెళ్ళి, పిడికెడు మట్టి వేసి వెనక్కి వచ్చేశాను. సత్తియ్య వచ్చాడు. ఆ ఊరి నుంచి ఇంకా పదిమంది వచ్చారు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

నిన్న ముగ్గురు విద్యార్థినులు మా ల్యాబుకు వచ్చారు. పీతల మొప్పల మీద ప్రాజెక్టు, ఏ టెస్టు చేయాలండి అని అడిగారు. అడగవలసినవన్నీ అడిగి, తగినదేదో చెప్పి పంపించాను. వాళ్ళు మెట్లు దిగిపోయాక భయం పట్టుకుంది. ఎన్ని పీతలు పట్టారని అడిగాను గానీ, ఎన్ని చోట్ల పట్టారని అడిగానా? వెంటనే ఫోన్ తీశాను. వేలు అలవాటుగా మీ నంబరు మీదికే వెళ్ళింది మేడమ్. వేలు కిందికి జరిపి, ఆ పిల్లలకు చేసి, బస్సు ఎక్కొద్దు, మళ్ళీ పైకి రండమ్మా అన్నాను.