నాలుగో పలక

పిల్లలు ఆవిడకు మిల్లీమీటర్ మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఉన్నత పాఠశాలలో డిజైన్, టెక్నాలజీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. వడ్రంగి కూతురు. తండ్రి ఎవరికి పని నేర్పినా చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే నేర్పేవాడు. ఈవిడా అంతే. పిల్ల ఎంత వంకరగా కోస్తున్నా రంపం లాక్కోదు. ఇంట్లో మాత్రం ఆ నిగ్రహం చెల్లదు. మొగుడు కూరగాయలు తరుగుతుంటే చూడలేక కత్తి గుంజుకుంటుంది. "బడిలో కట్టుకున్న చేతులు ఇంటికొచ్చి విప్పుతావు" అని ఆయన దెప్పుతుంటాడు.

అలాంటి మనిషి పది రోజుల కిందట బడిలోనే చేతులు విప్పింది.

పదో తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరూ 'నిదానం' అంటారు. ఒక గీత గీయడానికి మూడుసార్లు కొలిచే రకం. ఒక చెయ్యి పడిపోయిన అమ్మమ్మ కోసం, ఒంటిచేత్తో తెరుచుకునే మందుల పెట్టె చేస్తోంది. మేకులు లేవు. పలకల అంచుల్ని పళ్ళు పళ్ళుగా కోసి, ఒకదాని సందుల్లో ఇంకొకటి దిగేలా బిగించాలి. మూడు పలకలు ఎలాగో అయ్యాయి. నాలుగోది చివరికంటా వచ్చి చీలింది. ఇంకోటి కోస్తే అదీ చీలింది. మర్నాడు సాయంత్రంలోగా జిగురు పెట్టకపోతే పరీక్షకు ఆరదు. పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది.

"మొహం కడుక్కునిరా పో" అని పంపి, ఆవిడ రంపం అందుకుంది. తిరిగొచ్చేసరికి పలక తయారు. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మర్నాడంతా మేడమ్‌కు బయట మీటింగు. ఆ తర్వాతి రోజు వచ్చి చూస్తే పెట్టె జిగురు పూసుకుని బిగింపు చట్రాల్లో కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచీ ఆవిడకు కంటి మీద కునుకు లేదు. నియమం పిల్లలకు ఏటా చదివి వినిపించేది తనే. టీచరు చెయ్యి పడిన భాగానికి మార్కులు ఉండవు. ఆ సంగతి దాచి దొరికిపోతే ప్రాజెక్టు మొత్తం రద్దు. ఈ మార్కుల మీదే ఆ పిల్లకు సాంకేతిక కళాశాలలో సీటు ఆధారపడి ఉంది. పెట్టె నాలుగు మూలల్లో రెండు ఆ పలకవే కాబట్టి ముందే చెప్పేస్తే సగం పోతుంది, ఊరుకుంటే ఏమీ పోకపోవచ్చు. ఆ 'పోకపోవచ్చు' అన్న మాటను పట్టుకునే పరీక్ష రోజు దాకా నెట్టుకొచ్చింది.

వచ్చిన పరీక్షకుడు సన్నగా, మాట పొదుపుగా ఉన్నాడు. చేతిలో కత్తిరించిన కాగితం ముక్కలు. ప్రతి అతుకులోనూ కాగితం దూర్చి చూస్తున్నాడు. ఒక్కో బల్ల దాటి ఇటు వస్తుంటే మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

మందుల పెట్టె దగ్గర ఆగాడు. రెండు మూలల్లో కాగితం కొద్దిగా దిగింది. అక్కడ సందుల్లో జిగురూ రంపపు పొట్టూ కలిపి మెత్తారు. నాలుగో పలకకు ఉన్న రెండు మూలల్లో మాత్రం కాగితం అంచు కూడా దిగలేదు. ఆయన పెట్టెను వెలుగులోకి తిప్పాడు.

"ఈ పలక ఎవరు కోశారమ్మా?"

"నేనే సార్" అంది నిదానం.

టీచరు పరువు కోసం పిల్ల అబద్ధమాడుతోందనుకుంది మేడమ్. అది బయటపడితే సగం కాదు, మొత్తం పోతుంది.

"ఆ పిల్ల కాదు సార్" అంది. "నేను కోశాను. తప్పు నాది. ఆ ఒక్క పలకకు మార్కులు తీసేయండి, మిగతాదంతా తన కష్టమే."

ఆయన కలం మూత పెట్టాడు. "మరి ఈ అమ్మాయి నేనే అంటోందేం?"

అప్పుడు గాని ఆవిడకు తను చేసింది అర్థం కాలేదు. పిల్లను కాపాడబోయి, నలుగురిలో దాన్ని అబద్ధాలకోరును చేసింది.

నిదానం మొహం ఎర్రబడింది. తన ప్రాజెక్టు పుస్తకం తెరిచి చివరి పేజీ ఆయన ముందు పెట్టింది. చెడిపోయిన ముక్కల్ని పారేయకుండా పుస్తకంలో పెట్టి, ఎందుకు చెడిందో రాయాలని ఈ పాఠంలో పద్ధతి. అక్కడ పలక చివర నుంచి కోసిన రెండంగుళాల ముక్క ఒకటి దారంతో కట్టి ఉంది. కింద గుండ్రటి రాత:

'నాలుగో పలక, మూడో ప్రయత్నం. మేడమ్ కోశారు. వదులుగా ఉంది, కాగితం దూరింది. తీసేసి మళ్ళీ నేనే కోశాను. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు వరకు పట్టింది.'

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు గొంతు సవరించుకున్నాడు. "నిజమే సార్. ఆ రోజు తాళం తీసింది నేనే. అన్నం కూడా తినలేదు ఆ పిల్ల."

పరీక్షకుడు మేడమ్ వైపు చూశాడు. "ఈ పేజీ మీరు చూడలేదా?"

"లేదు సార్."

చూడాలన్న ఆలోచనే రాలేదు. పెట్టెలో ఆ పలక అంత బాగా కుదిరితే, అది తన చేతి పనేనని అనుకుంది. ఆ పిల్లకు అంత పని వచ్చని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. దొరికిపోవడం కంటే అదే ఎక్కువ బాధించింది.

"మార్కులు అమ్మాయికి పూర్తిగా వేస్తున్నాను. మీ గురించి మాత్రం రిపోర్టు రాయక తప్పదు."

"రాయండి సార్."

ఆయన పక్క బల్లకు వెళ్ళాక ఆవిడ పిల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"బాధపడతారని."

"ఏం తప్పు చేశాను?"

నిదానం దారం విప్పి ముక్కను ఆవిడ చేతిలో పెట్టింది. పంటి అంచున పెన్సిల్ గీత జాడే లేదు.

"గీత మీదే కోసేశారు మేడమ్, పన్ను సన్నబడిపోయింది. గీత ఉంచి పక్కన కోయాలి కదా. తొందరలో ఉన్నారేమో."