మా అక్క పరిచిన చీరలు

పోయిన నెలలో మా తోడికోడలు గుండెపోటుతో పోయింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఈ నాలుగు మాటలూ ప్రేమతోనే రాస్తున్నాను గానీ, కుళ్ళు లేకుండా రాయడం నా వల్ల కాదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.

కోయిలకుంట్లలో మాది చీరల కొట్టు. ఇద్దరమూ కంప్యూటర్ చదువులు చదివాకే ఈ ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. కొట్టుకు ఫోన్ యాప్ చేయమని మామగారు ఇద్దరికీ కలిపే అప్పజెప్పారు. మెచ్చుకోళ్ళు మాత్రం ఆమెకే.

ఒక్కచోట మాకు పడలేదు. చీర బొమ్మ మీద నొక్కితే వివరాలు ఎలా తెరుచుకోవాలి? స్క్రీనంతా నిండే కొత్త పేజీగా రావాలని నేను. కింది నుంచి సగం దాకా లేస్తే చాలని ఆమె. నేను వరసగా కారణాలు చెప్పాను. ఆమె కొట్టులోని పరుపు మీద ఒక చీర పరిచి, దాన్ని మడవకుండానే రెండోది పైన వేసింది.

“చూస్తాండే చీరను మడిచేస్తే అది వద్దన్నట్టే అయిపోతాది. అంచు కనపడతా ఉంటే మళ్ళా దాని కాడికే వస్తారు. పట్టుచీరలకైతే లోపలి గదిలోకి పిల్చుకపోతాం సూడు, ఆడ పెట్టు నీ పేజీ” అంది.

గల్లా దగ్గరున్న మామగారు విని, పెద్దది చెప్పినట్టే చేయండమ్మా అన్నారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆ ఆలోచన నాకెందుకు తట్టలేదన్నదే నా మంట.

యాప్‌లో ఏ స్క్రీన్ అయినా అక్క ఎడమచేతి బొటనవేలితో నొక్కి చూసేది. కొనేవాళ్ళ కుడిచేతిలో చంటిబిడ్డో కూరగాయల సంచో ఉంటుంది గదా అనేది. కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ, యాప్‌లో రంగులు మా చెల్లెలే పెట్టిందని చెప్పేది. ఆ మంచితనం చూస్తే ఇంకా మండేది.

కర్మలు అయ్యాక పని నా ఒక్కదాని చేతికి వచ్చింది. నాకు నచ్చినట్టు పేజీ చేసేశాను. మామగారు నీ ఇష్టమమ్మా అన్నారు. ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే, తీరా వచ్చాక సంతోషమే లేదు. కాదనడానికి ఆమె ఉంటే బాగుండేది.

చివరికి రెండు రకాలూ ఒకే ఫోన్లో పెట్టి, ఏది ఉంచాలో చెప్పమని బావగారికి ఇచ్చాను. ఆయన అది తెరిచి, ఇది తెరిచి, అలవాటు కొద్దీ అనేశారు.

“నాకేం తెలుసమ్మా, మీ అక్కనడుగు పో.”

అని తల వంచుకున్నారు. ఆ క్షణంలో కూడా నాకు ఆమె మీద కుళ్ళే పుట్టింది. నేను పోతే నన్ను అడగమనేవాళ్ళు ఎవరన్నా ఉంటారా? ఆయన చేతిలో ఫోన్ వెలుగు మెల్లగా తగ్గి, ఆరిపోయింది.