తాత పిట్టకు తెచ్చిన సీసా

పోయిన వారం ఒక పోలీసు జవాను మా గుమ్మంలో నిలబడి, ఎదురింటి పిల్లవాడి పేరు చెప్పి, "ఈ అబ్బాయి ఎట్లాంటోడమ్మా?" అని అడిగాడు. నేను కందిపప్పు ఏరుకుంటున్నాను. తలెత్తి ఖాకీ బట్టలు చూశానో లేదో, నా నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది. "మాకు ఎర్కలేదయ్యా. మేం ఎవ్వల జోలికి పోం" అనేశాను. ఆ పిల్లవాడు నా కళ్ల ముందు పెరిగినవాడు, నా గ్యాసుబండ మోసేవాడు, పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని వచ్చేవాడు. సైన్యంలో ఆఫీసరు కొలువుకు సెలక్టయ్యాడని, విచారణకు ఎవరో వస్తారని వాళ్లమ్మ నాకు ముందే చెప్పింది కూడా. జవాను మెట్లు దిగుతుంటే గాని నాకు తెలివి రాలేదు. చెప్పులైనా వేసుకోకుండా, ఈ అరిగిన మోకాళ్లతో కిందికి దిగి, అతని మోటారుసైకిలుకు అడ్డం నిలబడి, పిల్లవాడి గుణగణాలన్నీ ఏకరువు పెట్టాను. "తాగుడు అలవాటుందా?" అంటే "మజ్జిగ తాగుతాడు" అన్నాను. అతను నవ్వి రాసుకుని పోయాడు. పైకొచ్చి కూర్చున్నాక మా అన్న గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా, ఒళ్లు మండింది.

మాది గోదావరి ఒడ్డున, ధర్మపురికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఊరు. ఏటికి ఇవతల కరీంనగరం జిల్లా, అవతల ఆదిలాబాదు జిల్లా అడవి. అన్న హైదరాబాదులో బి.ఏ. చదివాడు. కాలేజీలో క్యాడెట్ల దళంలో చేరినప్పటి నుంచి సైన్యంలో ఆఫీసరు కావడం తప్ప అతనికి మరో ఆలోచన లేదు. సెలవులకు ఇంటికొచ్చాడంటే మా పని అయిపోయేది. దుప్పటి నాలుగు మూలలూ కలిసేటట్టు మడవాలి. చెంబు పెట్టిన చోటే పెట్టాలి. దుమ్ము తప్ప మరేమీ లేని మా వాకిట్లో కూర్చుని బూట్లకు పాలిష్ రుద్దుతుంటే, ఆ వాసనకు అవ్వ, మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటాం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఇక కల్లు సంగతి చెప్పాలి. మా దిక్కు కల్లంటే తాగుడు లెక్కలోకి రాదు. పొద్దున్నే చెట్టు మీంచి దిగిన లొట్టి, అంటే కల్లుకుండ, ఇంటి ముందుకు వస్తే చిన్నాపెద్దా తలా ఇంత తాగి పనుల్లో పడేవాళ్లు. అన్న మాత్రం అదీ ముట్టేవాడు కాదు. "మావోడు పట్నం పోయి నీళ్లు తాగుడు నేర్చుకొచ్చిండు" అని మా చిన్నాయన ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

చైనా యుద్ధానికి ముందటి ఎండాకాలంలో మా తాత పోయాడు. పడుచుతనంలో ఉట్నూరు అడవుల నుంచి టేకు దుంగలు బండ్ల మీద తోలిన మనిషి. ఆ అడవిలో అలవాటైన ఇప్పసారా ఒక్కటే ఆయనకు సారా. సర్కారు గుత్తకిచ్చిన దుకాణంలో అమ్మేదాన్ని "రంగులేని నీళ్లు" అని ఈసడించేవాడు. మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం ఎదురుచూస్తారు. కాకి ముట్టిందా, పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ఆ రోజు అవ్వ కోడికూర వండింది, గారెలు చేసింది, ముంతలో దుకాణం సారా కూడా పెట్టింది. కాకి గోడ మీదికి వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, ఎగిరిపోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చినా మళ్లీ రాలేదు. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన ముఖం వాడిపోయింది. "ఆయనకు దుకాణం సార ఎన్నడన్న నచ్చిందా? అడవి సార గావాలె" అన్నాడు. తలకొరివి పెట్టినవాడు గనుక తాను ఊరి పొలిమేర దాటకూడదు. నేను పోతానని చిన్నాయన తువ్వాల దులుపుకుని లేచాడు. అవ్వ అడ్డం పడింది. "నువ్వు పోతె సీసా వస్తది గని సార రాదు" అంది. అంత దుఃఖంలోనూ అందరూ నవ్వారు. సారా ముట్టనివాడు, సీసా నిండుగా తెచ్చేవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అలా అన్న పడవెక్కి ఏరు దాటాడు.

పడవ అవతలి ఒడ్డుకు చేరిందో లేదో, ఇవతల కాకి తిరిగొచ్చి గారె ముక్క ముక్కున కరుచుకుని పోయింది. కాస్త ముందొస్తే దాని సొమ్మేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేం తలస్నానాలు చేసి అన్నాలు తింటున్న వేళకు అన్న ఇవతలి రేవులో ఆబ్కారీవాళ్ల చేతికి చిక్కి ఉన్నాడు. అడవి సారా తేవడం నేరం. తాత పిట్ట కోసమని అన్న ఉన్నదున్నట్టు చెప్పాడట. "పిట్టకా? ఎంత తాగుతదయ్యా మీ పిట్ట?" అని వాళ్లు కడుపుబ్బ నవ్వి, సీసాతో సహా పట్టుకుపోయారు. కోర్టుకు అన్న వెంట మా పోలీసు పటేలు వెళ్లాడు. పోలీసు పటేలంటే పోలీసు కాదు, ఊరి తగవులు, దొంగతనాలు చూసుకుని పై ఠాణాకు కబురు చెప్పే గ్రామాధికారి. పెద్ద తలపాగా, చిన్న మనిషి, మాకు తాత వరస. తాగలేదు, అమ్మలేదు కాబట్టి కేసు కొట్లాడతానని అన్న పట్టుబట్టాడు. పటేల్ తాత గడ్డం పట్టుకుని బతిమాలాడు. "ఒప్పుకో బిడ్డా. ఒప్పుకుంటె జుర్మానతోటి పోతది. కాదంటె ఏడాది దాక పేషీలకు తిరుగుడే." అన్న ఒప్పుకున్నాడు, జరిమానా కట్టి ఇంటికొచ్చాడు. ఊరంతా ఆబ్కారీవాళ్లను దుమ్మెత్తిపోసింది. మా పిల్లగాన్ని అన్యాయంగా పట్టుకుపోయారని పటేల్ తాత కనిపించినవాళ్లందరికీ చెప్పి కళ్లొత్తుకున్నాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. సైన్యానికి ఆఫీసర్లు కావాలని, చదువుకున్న యువకులకు ఎమర్జెన్సీ కమిషన్ ఇస్తామని పేపర్లో పడింది. అన్న దరఖాస్తు పెట్టాడు. కోర్టులో ఎప్పుడైనా శిక్ష పడిందా అన్న ప్రశ్న దగ్గర బాపు చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. అన్న వినలేదు, పిట్టతో సహా రాసేశాడు. బెంగుళూరులో సెలక్షన్ బోర్డు వాళ్లు గోడలెక్కించారు, తాళ్ల మీద నడిపించారు, చివరికి ఎదురుగా కూర్చోబెట్టి ఆ సంగతే అడిగారు. మీసాలు నెరిసిన ఆఫీసరొకాయన, "ఇంతకీ మీ పిట్ట తాగిందా?" అన్నాడట. "లేదు సార్. నేను ఏరు దాటకముందే గారె తిని పోయింది" అన్నాడట మా అన్న. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారట. బోర్డు నెగ్గాడు, డాక్టరు పరీక్షా నెగ్గాడు. ఇక మిగిలింది ఊళ్లో పోలీసు విచారణ ఒక్కటే. అది పేరుకేనని, మన ఊరు మన గురించి చెడు చెబుతుందా అని అన్న ధీమా. అప్పటికే నాతో కవాతు చేయిస్తూ, నేనొక పటాలమైనట్టు అరుస్తూ ఉండేవాడు. అవ్వ మాత్రం హుకుం చేతికొచ్చేదాకా ఎవరితోనూ అనవద్దని మా అందరి చేత ఒట్టు వేయించుకుంది. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందని ఆమె భయం. ఆఖరికి పటేల్ తాతకు కూడా చెప్పలేదు. అవ్వ చేసిన పాపం అదొక్కటే. పాపం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ధర్మపురి జాతరకు, అవ్వ మొక్కు తీర్చడానికి, ఇంటికి తాళం వేసి అందరం పోయాం. మొక్కు దేనికోసమో చెప్పనక్కర్లేదు. ఆనాడే ఠాణా నుంచి జవాను సైకిలు మీద మా ఊరికి వచ్చాడు. కాళ్ల నొప్పులతో జాతరకు పోలేక పటేల్ తాత చావడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జవాను అన్న పేరు చెప్పి, "గీయన మీద ఆబ్కారి కేసుండె గదా, మనిషి ఎసుంటోడు?" అని మొదలుపెట్టాడు. ఆబ్కారీ అన్న మాట చెవిన పడగానే పటేల్ తాత, ఆ కేసు మళ్లీ తిరగదోడుతున్నారనుకున్నాడు. క్షణం తడబడకుండా, "గా పేరుగలోడు గీ ఊర్లె లేడు సాబ్" అన్నాడు. పక్కన కల్లు లొట్టి దించుకుంటున్న గౌడు, "ఉండె గని, పోయి చాన దినాలాయె" అన్నాడు. "ఏడికి పోయిండు?" అంటే, "ఎవ్వలికెర్క? అడివిల పడి పోయిండట" అన్నాడు. మా ఇంటికి వేసిన తాళం కూడా వాళ్ల మాటకే సాక్ష్యం చెప్పింది. జవాను తాళం చూసి, రాసుకుని, సైకిలెక్కాడు.

సాయంత్రం మేం ప్రసాదం పట్టుకుని ఊళ్లోకి వచ్చేసరికి పటేల్ తాత ఎదురొచ్చాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అన్న భుజం తట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా! నీ కోసం పోలీసోడు వచ్చిండు. మళ్ల రాకుంట జేసిన" అన్నాడు. చేసిందంతా వరసగా చెప్పాడు. అన్న రోడ్డు మధ్యలోనే కూలబడిపోయాడు. "తాతా, నన్ను నిండ ముంచినవు గదనే" అన్నాడు. సంగతేమిటో బాపు విడమరిచి చెప్పాక, పటేల్ తాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని, అన్న పక్కనే దుమ్ములో కూర్చున్నాడు. తెల్లారి ఆ నొప్పుల కాళ్లతోనే అన్నను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచాడు. అక్కడి పెద్దాయన, "నిన్న లేడన్నోనివి, ఇయ్యాల పక్కన నిలబెట్టుకొచ్చి ఉన్నడంటున్నవు. నీది ఏ మాట రాసుకోవాలె?" అన్నాడు. రాసిన రిపోర్టు అప్పటికే జిల్లాకు పోయింది. సారా కేసు ఒక్కటే అయితే బోర్డువాళ్లు నవ్వి వదిలేసిందే. దాని పక్కన మనిషి ఊళ్లో లేడు, అడవుల్లో పడి పోయాడని చేరేసరికి, అన్న దొంగసారా కాసి పరారైనవాడయ్యాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారు. ఇక్కడ పూజారికి మా మీద ప్రేమ ఎక్కువైపోయింది.

ఆ తర్వాత అన్న ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. జిల్లావాళ్లు హైదరాబాదు పొమ్మన్నారు, హైదరాబాదువాళ్లు కాగితం ఢిల్లీలో ఉందన్నారు, ఢిల్లీ నుంచి జిల్లాను అడగమని జవాబొచ్చింది. మళ్లీ విచారణ జరిపిస్తామన్న కబురు కూడా ఒకటి వచ్చింది. ఆ విచారణ జరిగేలోగా, అన్నకు వయసు దాటిపోయిందని మరో కబురు వచ్చింది. ఆ రోజు అన్న నేరుగా పటేల్ తాత ఇంటి మీదికి బయల్దేరాడు. బాపు వాకిట్లోనే ఆపాడు. రజాకార్ల దినాలలో మూడు రంగుల జెండా ఎగరేసినందుకు బాపును వెతుక్కుంటూ ఖాకీ బట్టలవాళ్లు తుపాకులతో వచ్చారట. అప్పుడు బాపు పటేల్ తాత గడ్డివాములో దాక్కుని ఉన్నాడు. "మెడ మీద తుపాకి వెట్టినా గదే మాట చెప్పిండు బిడ్డా, గా పేరుగలోడు గీ ఊర్లె లేడని. అటెనుక ఖాకి బట్ట కనవడ్తె ఆయన నోట్లకెళ్లి ఇంకో మాట వస్తదా? నేనేం ముఖంతోటి తిట్టాలె?" అన్నాడు. అన్న గడప మీద కూర్చుండిపోయి, "గందుకే గదా బాపూ నా కడుపు మండేది. ఎవ్వల్నని తిట్టాలె?" అని ఏడ్చాడు. అన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే. బాపు బతికి ఉన్నందుకు సంతోషించాలో, అన్న బతుకు చెడినందుకు ఏడవాలో తెలియక, నేను చేతిలో ఉన్న గిన్నెను తోమిందే తోముతూ కూర్చున్నాను. కోపానికి ఒక మనిషంటూ దొరికితే కొంత నయం. మాకు కాకి తప్ప ఎవరూ దొరకలేదు.

అన్న ఉట్నూరు దిక్కు బడిపంతులుగా కుదిరాడు. ఏళ్ల తరబడి పటేల్ తాతతో మాట్లాడలేదు. పటేల్ తాత మాత్రం అన్న సెలవులకు వచ్చే రోజు తెలుసుకుని బస్సు ఆగేచోట కాచుకుని ఉండేవాడు. అన్న దిగగానే అతన్ని పలకరించేవాడు కాదు, బస్సు కండక్టరు దగ్గరికి పోయేవాడు. "గీయన మా మనుమడు. గీ ఊరోడే. మస్తు మంచోడు, సార ముట్టడు" అని చెప్పేవాడు. మలేరియా మందు కొట్టేవాడొచ్చినా, టపా జవానొచ్చినా, గాజులమ్ముకునేవాడొచ్చినా అడగకుండానే అదే మాట. ఒకసారి నేనూ అన్న వెంట ఆ బస్సు దిగాను. పటేల్ తాతకు చూపు మందగించింది. కండక్టరనుకుని ఎవరో ప్రయాణికుడి చెయ్యి పట్టుకుని చెబుతున్నాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిసిన మా అన్న ఇక పట్టలేక, "ఇప్పుడెందుకు తాతా?" అన్నాడు. అన్ని సంవత్సరాల తర్వాత అన్న గొంతు వినేసరికి ముసలాయన ఆ ప్రయాణికుడి చెయ్యి వదిలి ఇటు తిరిగాడు. "ఎప్పటికన్న పనికొస్తది బిడ్డా" అన్నాడు. అన్న ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించాడు. నిజం చెప్పడానికి మా ఊరికి ధైర్యం వచ్చేసరికి, అది అడిగే కాలం దాటిపోయింది.