ట్విచెల్ గారి చెయ్యి ఊరుకోదు

ఆస్బర్న్ ట్విచెల్ గారికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. విందు బల్ల మీద ఎవరి పళ్ళెం ముందు వాళ్ళ పేరు రాసి అట్టముక్క పెడతారు చూడండీ, వాటిని ఎవరూ చూడకుండా అటూ ఇటూ మార్చేసేవారు.

చిన్నాచితకా మనిషి కాదు. తొమ్మిది నవలలు రాశారు. తొమ్మిదింట్లోనూ ఒకటే గొడవ: ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు. అమెరికాలోని మా హార్లో ఫాల్స్ ఊళ్ళో ఆ సరుక్కి కొదవేముంది? దారం మిల్లు వాళ్ళు కొండ మీద, అందులో పనికని పోలండ్ నుంచి వలసొచ్చిన మేము ఏటి ఒడ్డున. ఏడాదికోసారి, అక్టోబరులో, టౌన్ హాల్లో అందరికీ కలిపి విందు. పెట్టేది మిసెస్ లోత్రప్. మొగుడు పోయాక మిల్లూ ఆవిడదే, స్కూలు బోర్డూ ఆవిడదే.

అట్టముక్కలు స్వయంగా ఆవిడే రాసేది. తన కుడిపక్క ఆ ఏటి ముఖ్య అతిథి, ఎడమపక్క, మాట పెదవి దాటని బ్యాంకాయన. అక్కణ్ణుంచి హోదా తగ్గుకుంటూ తగ్గుకుంటూ పోతే, వంటగది తలుపు దగ్గర మేము.

ట్విచెల్ గారు కోటు తగిలించి వచ్చేసరికి బ్యాంకాయన ఎగిరిపోయేవాడు. ఒక ఏడు ఆ కుర్చీలో మాంసం కొట్టు మగ్డా. ఆవిడ కొట్లో ధర చెబితే వంతెన అవతలికి వినిపిస్తుంది. ఇంకో ఏడు సంతలో వేలం వేసే హెన్షా. ఒకసారి మిసెస్ లోత్రప్ పట్టుదలకి పోయి ముక్కల్ని గుండుసూదులతో బల్లగుడ్డకి గుచ్చేసింది. ఈయన జేబులోంచి పట్టకారు తీశారు.

"ఇదేం పనయ్యా, ఆస్బర్న్?" అంది ఆవిడ.

"నవల కోసమండీ. పొసగని ఇద్దర్ని పక్కపక్కన పడేస్తే, చివర్న తీపి ఆపిల్ పై వచ్చేలోపు నాకో అధ్యాయం."

"నన్ను నీ పుస్తకంలో పెట్టావో, చూడు మరి."

"పెడితే మంచి ముక్కు పెడతాను లెండి."

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగులో, నేను పాఠాలు చెప్పే ఏటి ఒడ్డు స్కూలుకి మూడింది. పైకప్పు కుంగిపోతోంది, ఈ ఏటితో మూసేస్తాం అంది బోర్డు. మూస్తే మా పిల్లలు మూడు మైళ్ళు నడిచి కొండెక్కాలి. మంచులో ఎవరెక్కుతారు? సగంమంది మిల్లులో తేలతారు. అంతకుముందు రెండేళ్ళూ డాక్టర్ ప్రూయిట్ గారే ముఖ్య అతిథిగా కూర్చుని, రెండుసార్లూ ఆవిడకి ఈ స్కూలు అవస్థే చెప్పారు. ఆవిడ తల అడ్డంగా ఊపి సూప్ తాగింది. "పొగరు చూశారా" అని మేమంతా పళ్ళు నూరుకున్నాం.

ఆ ఏడు వెళ్ళి చూద్దును కదా, ఆవిడ కుడిపక్కన మళ్ళీ డాక్టరు గారే, ఎడమపక్కన మాత్రం నా పేరు ఉంది.

"నేను మీ అధ్యాయాన్ని కానండీ," అన్నాను ట్విచెల్ గారితో. "నాకు వంటగది పక్కే బావుంది."

"కూర్చో, వాండా టీచరమ్మా. మొహం ఆవిడ వైపు పెట్టి, చివరి బెంచీ వాడికి ఎక్కం చెప్పినట్టు చెప్పు."

"ఏం చెప్పను?"

"స్కూలు సంగతి. ఇంకేముంది నీ దగ్గర?"

చెప్పాను. మంచు కరిగి కారి కారి, గోడమీది ప్రపంచ పటంలో ఆఫ్రికా అంతా బూజు పట్టిందని చెప్పాను. పిల్లలు చేతి తొడుగులతోనే లెక్కలు చేస్తారని చెప్పాను.

"పిల్లల అవస్థ ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?" అంది మిసెస్ లోత్రప్.

"రెండేళ్ళుగా నేను చెబుతున్నది అదేగా!" అన్నారు కుడిపక్కనుంచి డాక్టరు గారు.

ఆవిడ అటు తల కూడా తిప్పలేదు. "సోమవారం మేస్త్రీని పంపిస్తా. బడి మూసే మాట నేను చూసుకుంటా," అంది నాతో.

అప్పుడు వెలిగింది నాకు. డాక్టరు గారికి మాత్రం వెలగలేదు. చెవులు చూసే డాక్టరే!

కోట్లు తగిలించే చోట ట్విచెల్ గార్ని పట్టుకున్నాను. "ఆవిడకి కుడిచెవి వినపడదని ఎన్నాళ్ళబట్టి తెలుసు మీకు?"

"ఎనిమిదేళ్ళు. నవలలు రాసేవాడికి పనేముంది, ఎవరి మెడ ఎటు తిరుగుతోందో చూడ్డమే."

"ఒక్క మాట అనొచ్చుగా ఆవిడతో?"

"కొండమీద వాళ్ళకి చెవుడు రాదు, టీచరమ్మా. పొగరే వస్తుంది. మనకి తెలిసిపోయిందని తెలిస్తే ఆవిడ మళ్ళీ గడప దాటదు."

"మరి నవల కోసమన్నారు?"

"ఒక్క ముక్క రాయలేదు. రాస్తే ఊరికి తెలిసిపోదూ?"

నమ్మకం కుదరక తొమ్మిదీ మళ్ళీ చదివాను. మగ్డా లేదు, హెన్షా లేదు, చెవి ఊసే లేదు.

మరుసటేడు విందులో ఆవిడ ఎడమపక్క అట్టముక్క మీద పేరు లేదు. పక్కన చిన్న పెన్సిలు పెట్టి ఉంది.

"ఎవరిది రాయాలో తోచలేదు, ఆస్బర్న్," అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు. "నువ్వే రాసి పెట్టు. ఎనిమిదేళ్ళుగా దొంగతనంగా వంగీ వంగీ నీ నడుం పాడైపోతోంది."

తొమ్మిది నవలలు రాసిన మనిషి, ఆ ఒక్క పేరు ఎవరిదో తేల్చి రాయడానికి పావుగంట తీసుకున్నారు.